బ్యాంకులో పైసలు తీసి బంగారం బిస్కెట్లు కొందామా?

ప్రశ్న: నమస్తే సార్. మాది దేవరకొండ దగ్గర ఊరు. రోడ్డు పక్కనున్న రెండెకరాల బత్తాయి తోట అమ్మాం. ఇల్లు, పాత ఖర్చులు పోను మిగిలిన 24 లక్షలు ఒకే బ్యాంకులో డిపాజిట్ వేశాం. నా దగ్గర 18 తులాల బంగారం ఉంది. అందులో ఆరు తులాలు బోర్లు వేసినప్పుడు ప్రైవేటు ఫైనాన్స్‌లో కుదువ పెట్టాం, ఇంకా విడిపించలేదు. బయట రెండు రూపాయల మిత్తికి తెచ్చిన మూడు లక్షల అప్పు కూడా ఉంది. బిడ్డ హైదరాబాద్‌లో బీటెక్ చదువుతోంది, రెండు మూడేళ్లలో పెళ్లి చేయాలి. మా ఆయన కొన్ని నెలలుగా ఫోన్లో వీడియోలు చూస్తున్నారు. పెద్ద ఆర్థిక సంక్షోభం వస్తుందట, బ్యాంకులు మూతపడతాయట, రూపాయి చిత్తుకాగితం అవుతుందట. డిపాజిట్లన్నీ తీసేసి బంగారం బిస్కెట్లు కొని ఇంట్లోనే దాచుకుందాం అంటున్నారు. నల్గొండలో ఒక షాపులో మాట్లాడి కూడా వచ్చారు. వద్దంటే ఇంట్లో గొడవ. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. నిజంగా కష్టకాలం వస్తే ఇంట్లో బంగారం మమ్మల్ని కాపాడుతుందా?
– పేరు రాయొద్దన్న పాఠకురాలు

జవాబు:

చెల్లెమ్మా, ముందు సూటిగా చెప్తాను. ఆ 24 లక్షలు తీసి బిస్కెట్లు కొనొద్దు. సగం తీసి కూడా కొనొద్దు. ఎందుకో కొంచెం వివరంగానే రాస్తున్నాను, మీ ఆయనకు చదివి వినిపించాల్సింది మీరే కాబట్టి.

ఆయన భయాన్ని మాత్రం కొట్టిపారేయకండి. 2000 తర్వాత హైదరాబాద్‌లో కృషి బ్యాంకు, చార్మినార్ బ్యాంకు లాంటి సహకార బ్యాంకులు కూలిపోయినప్పుడు దాచుకున్న సొమ్ము కోసం జనం ఏళ్లకేళ్లు తిరిగారు. 2020 మార్చిలో ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు ఖాతాదారులు కొన్ని రోజుల పాటు 50 వేలకు మించి తీసుకోలేకపోయారు. ఇవన్నీ జరిగినవే. బంగారం చేతికి అందొస్తుందన్న మాట కూడా అబద్ధం కాదు. 1991లో విదేశాలకు చెల్లించడానికి డాలర్లు లేక మన దేశమే 47 టన్నుల దాకా బంగారాన్ని విదేశానికి పంపి కుదువ పెట్టింది. 40 కోట్ల డాలర్ల అప్పు పుట్టింది. పొద్దున లేస్తే పాలమూరు, నల్గొండ పల్లెల్లో ఆడవాళ్లు చేసేదీ అదే పని. విత్తనాలకు, ఎరువులకు, ఆస్పత్రికి మెడలో గొలుసే దిక్కు. కాబట్టి బంగారం వద్దని నేను అనను. బంగారం కష్టంలో ఆదుకోవాలంటే అది ఆ రోజున, ఆ ఊళ్లో, సరైన ధరకు రూపాయిగా మారాలి. ప్రమాదమంతా అక్కడే ఉంది. వీడియోల్లో కొనమని చెప్పేవాళ్లు అమ్మే రోజు సంగతి చెప్పరు.

కష్టకాలం రాగానే బంగారం ధర ఎగబాకుతుందని చాలామంది నమ్మకం. మొదటి దెబ్బకు అది కూడా పడిపోవచ్చు. 2008 మార్చిలో ఔన్సు (సుమారు 31 గ్రాములు) వెయ్యి డాలర్లు దాటిన బంగారం, అమెరికాలో పెద్ద బ్యాంకులు కూలుతున్న అక్టోబరు, నవంబరు నెలల్లో ఏడు వందల దాకా దిగింది. షేర్లలో, అప్పుల్లో మునిగినవాళ్లు చేతికి దొరికింది అమ్ముకున్నారు, అందులో బంగారమూ ఉంది. కరోనా మొదట్లోనూ అంతే. 2020 మార్చిలో పది రోజుల్లో 1,700 డాలర్ల దగ్గర నుంచి 1,500 లోపుకు జారింది. రెండుసార్లూ తర్వాత బాగా పెరిగింది, నిజమే. ఆగగలిగినవాళ్లకు ఆ పెరుగుదల దక్కింది. అక్టోబరులోనే ఆస్పత్రి బిల్లు కట్టాల్సినవాళ్లకు దక్కలేదు.

కరోనా లాక్‌డౌన్‌లో ఇంకో సంగతి చూశాం. ఏప్రిల్, మే నెలల్లో టీవీలో బంగారం ధర పెరుగుతూనే ఉంది, బంగారం షాపులకేమో తాళాలు. బీరువాలో పది తులాలున్నా కిరాణా కొట్టువాడు బంగారు గాజు ముక్క తీసుకుని బియ్యం ఇవ్వడు కదా. అప్పుడు ఇల్లు నడిపింది ఖాతాలో ఉన్న నాలుగు పైసలు, ఫోన్‌పే, రేషన్ బియ్యం.

మన దగ్గర సంక్షోభం అంటే ఎక్కువసార్లు కరువే. అమెరికా బ్యాంకులు బాగానే ఉంటాయి, ధర కూడా మామూలుగానే ఉంటుంది. కానీ మండలమంతా ఒకే నెలలో నగలు పట్టుకుని బయల్దేరుతుంది. బ్యాంకులో బంగారం చూసే మనిషి ఒక్కడే, సాయంత్రానికి కొంతమందివే చూడగలడు. అవతల విత్తనాల అదును పోతోంది. ఇంక ప్రైవేటు ఫైనాన్స్‌వాడో, బజార్లో సేటో చెప్పిన ధరకే తలొంచాలి. అంతర్జాతీయ ధర ఎంతున్నా మీ చేతికి వచ్చేది మీ తొందరను బట్టి ఉంటుంది. ఆరు తులాలు కుదువ పెట్టిన రోజు మీకు కూడా ఇది తెలిసే ఉంటుంది.

నేను బ్యాంకులో బంగారు రుణాల కౌంటర్ చూసేవాణ్ణి. వానాకాలం మొదట్లో అచ్చంపేట వైపు నుంచి ఒక పెద్దమ్మ హారం తెచ్చింది. మూడు తులాల పైన ఉంటుంది బిడ్డా, ఎంతిస్తారు అని అడిగింది. కాటా మీద 31 గ్రాములు తూగింది. మా అప్రైజర్, అంటే బంగారం పరీక్షించే మనిషి, దాన్ని తిప్పి చూశాడు. పూసలు, ఎర్రరాళ్లు, లోపల లక్క, వీటికి ఐదు గ్రాములు తీసేశాడు. మిగిలిన 26 గ్రాముల హారాన్ని గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేశాడు. గీత రంగు చూసి 20 క్యారెట్లకు మించదన్నాడు. 22 క్యారెట్ల లెక్కలో చూస్తే అది 24 గ్రాములకు కూడా రాలేదు. ఆమె దగ్గర బిల్లు లేదు, చేతిరాత చీటీ ఒకటుంది, అందులో బరువు తప్ప ఏమీ లేదు. ఇరవై ఏళ్లుగా మూడు తులాలు ఉందన్న ధైర్యంతో బతికిన మనిషి, దాని అవసరం పడ్డ రోజున అది రెండు తులాల చిల్లర అని తెలుసుకుంది. మాటా పలుకూ లేకుండా ఆ చీటీ మడిచి కొంగున కట్టుకుంది. ఆ సీజన్‌లో ఇలాంటివి ఎన్నో చూశాం.

అందుకే ముందు మీ ఇంట్లో ఉన్న 12 తులాల సంగతి తేల్చుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ (స్వచ్ఛత ముద్ర) నగ మీద ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ నంబరు లేకుండా అమ్మకూడదు. మీ నగల మీద అది ఉంటే ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, నగ రకం, స్వచ్ఛత, ముద్ర వేసిన కేంద్రం కనిపిస్తాయి. పాత నగలైతే హాల్‌మార్కింగ్ కేంద్రానికి తీసుకెళ్తే కొద్ది రుసుముకే పరీక్ష చేసి కాగితం ఇస్తారు. ఈ పని ఇప్పుడు, ఏ తొందరా లేనప్పుడు చేసుకోవాలి. నారాయణపేట బంగారానికి స్వచ్ఛత విషయంలో మంచి పేరుంది, మనవాళ్లు దూరం నుంచి కూడా అక్కడికి వెళ్లి కొంటారు. ఎక్కడ కొన్నా కాగితం కాగితమే.

ఇక కొనడం, అమ్మడం మధ్య తేడా. 2025 ఏప్రిల్‌లో తులం, అంటే పది గ్రాముల మేలిమి బంగారం, లక్ష తాకింది. లెక్క సులువుగా ఉండేందుకు నగ బంగారం కూడా తులం లక్ష అనే అనుకుందాం. నగ చేయిస్తే తరుగు 12 శాతం వేశారనుకోండి, 1,12,000 అవుతుంది. దాని మీద 3 శాతం జీఎస్టీ, 3,360. మొత్తం 1,15,360 కట్టి ఇంటికి తెచ్చారు. మర్నాడే అమ్మబోతే తరుగు రాదు, జీఎస్టీ రాదు, పైగా కరిగింపు పేరుతో రెండు మూడు వేలు తీస్తారు. చేతికి 97 వేలు వస్తాయి. అంటే ధర ఇంకో 19 శాతం పెరిగితే తప్ప పెట్టిన సొమ్ము తిరిగి రాదు. బిస్కెట్‌కు ఈ తరుగు బాధ లేదు, జీఎస్టీ, కొద్దిపాటి చార్జీలే పోతాయి. అందుకే మీ ఆయన బిస్కెట్ అంటున్నారు. ఆ ఒక్క విషయంలో ఆయన లెక్క కరెక్టే.

కానీ బిస్కెట్‌తో వచ్చే చిక్కు ఇంకొకటుంది. ఆ వీడియోలు చేసేవాళ్లు దాన్ని ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. బిస్కెట్ మీద బ్యాంకు అప్పు ఇవ్వదు. ఇది ఆయా బ్యాంకుల ఇష్టాయిష్టం కాదు, రిజర్వు బ్యాంకు నిబంధన. నగల మీద ఇస్తారు. బ్యాంకులు అమ్మే బంగారు నాణేల మీద ఇస్తారు, అవీ మొత్తం 50 గ్రాములకు మించకూడదు. కడ్డీ, బిస్కెట్ మాత్రం కుదువకు పనికిరావు. ఇప్పుడు ఆలోచించండి. మన ఊళ్లలో కష్టం వస్తే బంగారాన్ని ఎంతమంది అమ్ముతారు? నూటికి తొంభై మంది కుదువే పెడతారు, పంట రాగానే విడిపించుకుంటారు. రేపు మీకు రెండు లక్షలు కావాల్సి వచ్చిందనుకోండి. వంద గ్రాముల బిస్కెట్ ఉంటే దాన్ని కుదువ పెట్టలేరు, ముక్క కోసి అమ్మితే కోసిన బిస్కెట్‌కు మళ్లీ పరీక్ష, మళ్లీ బేరం. మొత్తం అమ్మాల్సిందే. అమ్మాక మళ్లీ కొనాలంటే మళ్లీ జీఎస్టీ. కొని రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను లెక్క కూడా ఉంటుంది. పోనీ బ్యాంకు కాదని తెలిసిన సేటు దగ్గర పెడదామంటే, మిత్తి ఎంతో, రసీదు ఏమిటో, అంతా ఆయన దయ.

నగలైతే అలా కాదు. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన కొత్త నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం దాకా, ఐదు లక్షల లోపు అప్పుకు 80 శాతం దాకా, ఆ పైన 75 శాతం దాకా ఇవ్వొచ్చు. అప్పు తీరాక ఏడు పనిదినాల్లో నగ తిరిగి ఇవ్వకపోతే, తప్పు వాళ్లదైతే, రోజుకు 5 వేల చొప్పున మీకు పరిహారం కట్టాలి. వీటిని అమలు చేయడానికి 2026 ఏప్రిల్ 1 గడువు పెట్టారు. ఇది గుర్తుపెట్టుకోండి, మీ ఆరు తులాలు విడిపించేటప్పుడు పనికొస్తుంది.

ఇంట్లో దాచడం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. 24 లక్షల బంగారం మీ ఊళ్లో మీ ఇంట్లో ఉండటం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. భూమి అమ్మిన సంగతి ఊరందరికీ తెలుసు. బ్యాంకు నుంచి పైసలు తీసిన సంగతి రేపోమాపో తెలుస్తుంది. మీరు పని మీద బయటికి వెళ్తే ఇంటి దగ్గర ఎవరుంటారు? కష్టకాలం వస్తే దొంగతనాలు పెరుగుతాయే గానీ తగ్గవు. గోడలోనో, పొయ్యి కిందో, తోటలోనో పాతిపెడతారు కొందరు. ఎక్కడ పెట్టిందీ ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరికి ఏదైనా అయితే? కరోనా రెండో విడతలో ఇంటాయన ఆస్పత్రి నుంచి తిరిగి రాక, ఆయన ఎక్కడ దాచాడో తెలియక ఇల్లంతా వెతుక్కున్న కుటుంబం నాకు తెలుసు. ఆ తల్లి దుఃఖానికి తోడు అన్నదమ్ముల మధ్య అనుమానం మొదలైంది, ఇప్పటికీ మాటల్లేవు. 2009 అక్టోబరు వరదల్లో అలంపూర్, రాజోలి వైపు జనం కట్టుబట్టలతో బయటపడ్డారు. ఆ రాత్రి ఎవరూ గోడలు తవ్వుకోలేదు.

లాకర్ మంచిదే, కానీ దాని హద్దు తెలుసుకోండి. నిప్పు అంటుకున్నా, దొంగలు పడ్డా, భవనం కూలినా, సిబ్బంది మోసం చేసినా బ్యాంకు ఇచ్చే గరిష్ఠ పరిహారం ఏడాది అద్దెకు వంద రెట్లే. 2022 జనవరి నుంచి ఇదే రూలు. అద్దె రెండు వేలైతే రెండు లక్షలు. వరద, భూకంపం లాంటివాటికి అది కూడా ఇవ్వరు. కాబట్టి లాకర్‌లో పెట్టే ప్రతి నగకూ ఫొటో, బరువు, బిల్లు ఇంకోచోట ఉంచండి. లాకర్ ఇద్దరి పేరునా తీసుకుని నామినీగా బిడ్డ పేరు రాయండి. నగలకు బీమా దొరుకుతుంది, దానికీ బిల్లులు పనికొస్తాయి.

ప్రభుత్వాల సంగతి ఒక ముక్క. సంక్షోభం ముదిరితే ప్రభుత్వాల కళ్లు కూడా బంగారం మీదే పడతాయి. అమెరికాలో 1933లో జనం దగ్గరున్న నాణేలు, కడ్డీలు అప్పగించమని ఆదేశం వచ్చింది. మన దేశంలో చైనా యుద్ధం తర్వాత 1963లో 14 క్యారెట్లకు మించి కొత్త నగలు చేయకూడదన్నారు. అవుసులవాళ్ల బతుకులు అప్పుడు చితికిపోయాయి. 1968 చట్టంతో మామూలు జనం కడ్డీలు, బిస్కెట్లు దగ్గర పెట్టుకోవడమే నేరమైంది, నగల జోలికి అంతగా రాలేదు. ఆ చట్టం 1990 దాకా ఉంది. మళ్లీ అలా జరుగుతుందని నేను చెప్పడం లేదు. కానీ మీ ఆయన భయపడుతున్నంత పెద్ద సంక్షోభం వస్తే ఇది కూడా రావచ్చని ఆయన లెక్కలో ఉండాలి కదా. ఇప్పటికీ ఆదాయపు పన్ను సోదాల్లో పెళ్లయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్లికాని అమ్మాయికి 250, మగవారికి 100 గ్రాముల వరకు నగలను జప్తు చేయొద్దని 1994 నాటి ఆదేశం చెప్తుంది. అది నగలకే, బిస్కెట్లకు కాదు. భూమి అమ్మిన కాగితాలు, బ్యాంకు ద్వారా కట్టిన బిల్లు లేకుండా బిస్కెట్ దగ్గర పెట్టుకోవద్దు. ఒక్క నిర్ణయంతో ధర కూడా మారుతుంది. 2024 జులై 23న బడ్జెట్‌లో దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించగానే ఆ రోజే తులానికి వేలల్లో పడిపోయింది.

మీ బిడ్డ పెళ్లి రెండు మూడేళ్లలో అన్నారు. ఆ గడువే నన్ను ఎక్కువ భయపెడుతోంది. 2012లో తులం 31 వేల దగ్గరుండేది. అప్పట్లోనూ ఇలాగే, ఇంక ఎప్పటికీ తగ్గదన్నారు. మూడేళ్లకు, 2015లో, 26 వేల దగ్గరికి వచ్చింది. ఆ మూడేళ్లూ డిపాజిట్‌లో ఉంచినవాళ్లు మిత్తితో సహా తీసుకున్నారు. బాగా పెరిగాక, అందరూ కొంటున్నప్పుడు, ఉన్న సొమ్మంతా ఒకే రోజు పెట్టడం ఏ వస్తువుకైనా మంచిది కాదు.

ఇప్పుడు మీరేం చేయాలో చెప్తాను.

అన్నిటికంటే ముందు ఆ మూడు లక్షల అప్పు. రెండు రూపాయల మిత్తి అంటే నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు, అంటే 24 శాతం. మామూలు బ్యాంకు డిపాజిట్ మీకు దాంట్లో మూడో వంతు కంటే ఎక్కువ ఇవ్వదు. మీ ఆయన చూస్తున్న సంక్షోభం ఎప్పుడు వస్తుందో గానీ, ఈ సంక్షోభం ప్రతి నెలా మీ గడప తొక్కుతోంది. ఈ వారంలోనే కొంత డిపాజిట్ తీసి అది తీర్చేయండి, ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకుని చించేయండి. ఆ తర్వాత ఆరు తులాలు విడిపించండి. ధర గట్టిగా పడితే ఫైనాన్స్‌వాళ్లు ఇంకా కట్టమంటారు, కట్టకపోతే వేలం. 2013 ఏప్రిల్‌లో రెండు మూడు రోజుల్లోనే బంగారం కుప్పకూలినప్పుడు కుదువ కొట్ల దగ్గర ఇదే గొడవ. పరాయి చేతిలో ఉన్న మీ ఆరు తులాలు విడిపించుకోకుండా కొత్త బంగారం కొనడానికి వెళ్లడంలో నాకు అర్థం కనిపించడం లేదు.

మిగిలిన సొమ్ము ఒకే బ్యాంకులో ఉంచొద్దు. బ్యాంకు మునుగుతుందన్న భయానికి సరైన మందు ఇదే. 2020 ఫిబ్రవరి నుంచి ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, మిత్తి కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, అంతకుముందు లక్షే ఉండేది. అదే బ్యాంకు నాలుగు శాఖల్లో వేస్తే అంతా కలిపే లెక్క, వేర్వేరు బ్యాంకులైతే వేటికవే. మీ పేరున కొంత, ఆయన పేరున కొంత, రెండు ప్రభుత్వ బ్యాంకుల్లో నాలుగున్నర లక్షల చొప్పున వేసి, మిగతాది పోస్టాఫీసులో పెట్టండి. పోస్టాఫీసు డిపాజిట్ వెనక కేంద్ర ప్రభుత్వమే ఉంటుంది. గడువులు కూడా వేర్వేరుగా పెట్టండి, ఒకటి ఆరు నెలలకు, ఒకటి ఏడాదికి చేతికి వచ్చేలా. ఆయనకు మనసు కుదుటపడాలంటే రెండు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా నగదు ఇంట్లో ఉంచుకోనివ్వండి. దాన్ని కాదనకండి.

బంగారం ఎంత ఉండాలంటే, ఉన్న సొమ్ములో పది పదిహేను శాతం చాలని చాలామంది సలహాదారులు చెప్తారు. మీ లెక్క చూడండి. 18 తులాలు, తులం లక్ష వేసినా 18 లక్షలు. డిపాజిట్ 24. మొత్తం 42 లక్షల్లో ఇప్పటికే 43 శాతం బంగారమే. మన ఇళ్లలో అంత కచ్చితంగా పది శాతం దగ్గర ఎవరూ ఆగరు, పెళ్లీడు బిడ్డ ఉన్న ఇంట్లో అసలే ఆగరు, నాకు తెలుసు. కానీ సంక్షోభానికి అంటూ కొత్తగా కొనాల్సిన బంగారం మీకు లేదు. మీ దగ్గర అది ఇప్పటికే ఉంది.

పెళ్లికి ఇంకో నాలుగైదు తులాలు కావాలనుకుంటే రెండు మూడు నెలలకోసారి కొంచెం కొంచెంగా కొనండి. డీమ్యాట్ ఖాతా (షేర్లు దాచుకునే ఖాతా) తెరవగలిగితే గోల్డ్ ఈటీఎఫ్‌లో, అంటే బంగారం ధరను బట్టి నడిచే, షేర్లలా కొని అమ్మే ఫండ్‌లో కొనొచ్చు, తరుగు లేదు, దొంగ భయం లేదు, పెళ్లి ముందు అమ్మి ఆ పైసలతో నగ చేయించుకోవచ్చు. ప్రభుత్వ గోల్డ్ బాండ్లు కొత్తగా ఇవ్వడం 2024 ఫిబ్రవరి తర్వాత ఆగిపోయింది. ఫోన్ యాప్‌లలో అమ్మే డిజిటల్ గోల్డ్ తమ నియంత్రణలో లేదని షేర్ మార్కెట్‌ను చూసే సంస్థ సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది, దాని జోలికి పోవద్దు. షాపుల్లో నెలనెలా కట్టే స్కీములు కూడా అంతే, షాపు మూసేస్తే మీ చేతిలో మిగిలేది కార్డు ముక్కే. ఇంకొకటి. నల్లమల వైపు తవ్వకాల్లో దొరికింది, సగం ధరకే ఇస్తామంటూ భూములు అమ్మినవాళ్ల ఇళ్లకు మనుషులు వస్తుంటారు. మొదట చూపించే ముక్క అసలు బంగారమే ఉంటుంది. తర్వాత ఇచ్చేది ఇత్తడి. అలాంటివాళ్లు గుమ్మం ఎక్కితే వెంటనే పోలీసులకు చెప్పండి.

మీ ఆయనతో వాదించి గెలవాలని చూడకండి. ఆయన కోరేది కుటుంబం రోడ్డున పడకూడదనే. షాపులో అడ్వాన్సు ఇంకా కట్టలేదంటే కట్టొద్దని చెప్పండి. కట్టి ఉంటే, ఆ మొత్తానికి హాల్‌మార్క్ ఉన్న సన్నని గొలుసో, ఉంగరమో తీసుకుని అక్కడితో ముగించమనండి, బిడ్డకు పనికొస్తుంది, కుదువకూ పనికొస్తుంది. అంతకంటే ముందు ఒక పని చేయండి. ఒక రోజు ఇద్దరూ కలిసి నల్గొండ వెళ్లండి. మీ పాత గాజులు రెండు పట్టుకుని ఆ షాపుకే వెళ్లి, ఇవి అమ్మితే ఈరోజు ఎంత ఇస్తారని అడగండి. కొత్త గాజులు అంతే బరువులో కొంటే ఎంత అవుతుందో కూడా అడగండి. పక్కనున్న ఇంకో షాపులోనూ అడగండి. అంకెలు కాగితం మీద రాయించుకోండి. అక్కడి నుంచి మీ బ్యాంకుకు వెళ్లి, వంద గ్రాముల బిస్కెట్ తెస్తే ఎంత అప్పిస్తారని మీ ఆయన చేతే అడిగించండి.

ఆ తర్వాత కూడా ఆయన బిస్కెట్లే కావాలంటే నాకు మళ్లీ రాయండి. ఈసారి ఆయన్నే రాయమనండి.